వ్యాపారవిద్య – ఇంటి పరీక్ష



ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడిన దినమునుండి పల్లెలలో ప్రతి గడపయందును ఒకే ప్రశ్న వినబడుచుండును: పిల్లవానిని ఏ చదువున చేర్పవలెను? ఇంజనీరింగు అన్న అందఱకును తెలియును. వైద్యమన్న అంతకంటె బాగుగ తెలియును. కాని మనుమడో మనుమరాలో వచ్చి, "తాతా, నేను బి.బి.ఏ. చదువుతాను" అన్నప్పుడు పెద్దలు చిక్కున పడుచున్నారు. ఆ మూడక్షరములలో ఏమున్నదో, దానికై పొలము కుదువ పెట్టవచ్చునో కూడదో, మూడేండ్ల పిదప బిడ్డ ఏమి చేయగలడో చెప్పువారు ఊరిలో లేరు. చెప్పవలసిన పిల్లవాడు ఆంగ్లపదములు నాలుగు పలికి ఊరకుండును. పెద్దలు తల యూపి, సంతకము చేసి, రుసుము చెల్లింతురు. ఈ అవస్థను గూర్చియే నేటి నా ప్రసంగము.

నేను తెలుగు పండితుడను, వ్యాపారిని గాను. హైదరాబాదు పాతబస్తీలో పిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. చార్మినారు చుట్టునున్న అంగళ్లవారి బిడ్డలు పలువురు నాయొద్ద చదువుకొనిరి. వారిలో కొందఱు పెద్దవారై ఈ వ్యాపారవిద్యలో చేరి, తమ పుస్తకములతో నాయొద్దకు వచ్చి కూర్చుండుట చేత, ఆ పాఠ్యక్రమమును ఆసాంతము పరిశీలించు అవకాశము నాకు కలిగినది. పరిశీలించినకొలది నాకు తోచినది ఒక్కటే. ఈ చదువులోని విషయములలో అధికభాగము మీరు జీవితమంతయు చేసిన పనులే. కావున మీరు దీనికి బయటివారు కారు. మీ మనుమడు కళాశాలలో నేర్చిన ప్రతి పాఠమును ఇంటికి వచ్చి మీకు తెలుగున బోధపఱుపగలిగియుండవలెను. బోధపఱుపలేనిచో వానికి పట్టము వచ్చునేమో గాని విద్య రాలేదని నిశ్చయింపవచ్చును.

మొదట ఆ చదువు స్వరూపమును చెప్పెదను. బి.బి.ఏ. యనగా వ్యాపార నిర్వహణమునందు పట్టభద్రత. సాధారణముగా మూడేండ్ల చదువు. ఏటికి రెండు భాగముల చొప్పున ఆఱు భాగములు. ఒక్కొక్క భాగమునకు సెమిస్టరు అని పేరు. ప్రతి భాగము కడపటను పరీక్ష యుండును. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానమును అనుసరించి కొన్ని చోట్ల నాలుగవ యేడు కూడ చదివి ఆనర్సు పట్టమును పొందు వీలు కలిగినది. 2016వ సంవత్సరమునుండి తెలంగాణమున డిగ్రీ ప్రవేశములు చాలవఱకు 'దోస్తు' అను అంతర్జాల పద్ధతి మూలమున జరుగుచున్నవి. ఆ సంవత్సరముననే, పాఠ్యాంశములలో కొన్నింటిని విద్యార్థి తానే యెన్నుకొను పద్ధతియు వచ్చినది. ఈ పద్ధతిలో ప్రతి పాఠ్యాంశమునకును 'క్రెడిట్లు' అను కొలత యొకటి కలదు. వారమునకు ఒక గంట చొప్పున ఒక సెమిస్టరు కాలము విన్న పాఠమునకు ఒక క్రెడిటు అని స్థూలముగ గ్రహింపవచ్చును. ధాన్యమునకు కుంచము వంటిది చదువునకు క్రెడిటు.

బి.కాం. కును దీనికిని భేదమేమని పలువు రడుగుదురు. బి.కాం. నందు లెక్కలకును, పన్నులకును, చట్టములకును ప్రాధాన్యము హెచ్చు. బి.బి.ఏ. నందు లెక్కలును ఉన్నవి గాని, మనుష్యులచే పని చేయించుట, సరకు అమ్ముట, సంస్థను నడుపుట అనువానికి ప్రాధాన్యము హెచ్చు. పద్దులు వ్రాయుటయందు అభిరుచి కలవానికి మొదటిది. నలుగురితో కలసి నడచు స్వభావము కలవానికి రెండవది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనుమాట లేదు.

ఇది విదేశములనుండి నిన్న మొన్న వచ్చిన విద్య యని కొందఱు పెద్దలకు సంకోచము. పట్టము క్రొత్తది, విద్య ప్రాచీనము. మన పూర్వులు కృషి, పశుపాలనము, వాణిజ్యము అను మూటిని చేర్చి 'వార్త' అని పేరిడి, రాజు నేర్వవలసిన విద్యలలో దానిని ఒకటిగా లెక్కించిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమునందు సరకుల ధరలను చూచుటకు పణ్యాధ్యక్షుడును, తూనికలను చూచుటకు పౌతవాధ్యక్షుడును కలరు. లెక్కల కార్యాలయమునకు అక్షపటలమని పేరు. ఆషాఢ పూర్ణిమకు అన్ని చోట్లనుండి లెక్కలవారు ముద్ర వేసిన పుస్తకములతో వచ్చి లెక్క చెప్పవలెను. నేడు కంపెనీలు మార్చి 31వ తేదీకి ఖాతాలు ముగించుట ఆ పద్ధతికి చుట్టమే. ప్రభుత్వధనమును ఉద్యోగులు అపహరించు ఉపాయములు నలువది అని ఆ గ్రంథకర్త లెక్కించి చెప్పెను. నేటి ఆడిటు పాఠము నేర్చువాడు ఆ నలువదింటిని చదివినచో నవ్వుకొనును; ఏలయన వానిలో చాలభాగము నేటికిని వాడుకలోనే యున్నవి. ఈ గ్రంథము ఎంతో కాలము కానరాకుండ పోయి, 1905లో మైసూరున శ్యామశాస్త్రిగారి కంటబడి, 1909లో అచ్చైనది.

తెలుగున మాత్రము లేదా? మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు చేసెను. వడ్డీలెక్కలు మూలగ్రంథమున మిశ్రకవ్యవహారమను ప్రకరణమునందు విపులముగ నున్నవి. అనగా తెలుగువాడు కావ్యములు వ్రాయ మొదలిడిన తొలినాళ్లలోనే లెక్కల పుస్తకము కూడ వ్రాసికొన్నాడు.

పట్టముల చరిత్ర వేఱు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునందు వార్టన్ పాఠశాల 1881లో వెలసినది. మన దక్షిణదేశమున 1886లో మద్రాసునందు పచ్చయప్ప ధర్మకర్తలు వాణిజ్యపాఠశాలను తెఱచిరి. బొంబాయిలో సిడెన్‌హాం వాణిజ్యకళాశాల 1913లో ఏర్పడినది. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో వెలసినది. క్రమముగా ఈ విశ్వవిద్యాలయములలో వాణిజ్యమును, పిదప వ్యాపారనిర్వహణమును పాఠ్యవిషయములైనవి.

ఇక అసలు పాఠములకు వత్తము. పాఠ్యక్రమమున పేర్లు అనేకములు. ఆ పేర్లకు వెఱవకుడు. అన్నింటిని నాలుగు మూటలుగా కట్టవచ్చును: లెక్క, మనిషి, అంగడి, చట్టము.

మొదటి మూట లెక్క. జంటపద్దు విధానమును లూకా పచోలీ అను ఇటలీ దేశపు సన్న్యాసి 1494లో వెనీసు నగరమున అచ్చు వేయించిన గణితగ్రంథమునందు వివరించెను. ప్రతి వ్యవహారమును రెండు చోట్ల వ్రాయవలెననుట దాని సారము: ఒకచోట వచ్చినది, మఱియొకచోట ఇచ్చినది. ఇంగ్లీషు పుస్తకమున 'జర్నల్' అని చదివి పిల్లవాడు తికమక పడును. అది మన చిట్టా. 'లెడ్జర్' మన ఆవర్జా. ఖాతాల నిలువలు రెండు వైపుల సరిపోయినవో లేదో చూచు పట్టీ అంకణా. జమ, ఖర్చు, బాకీ, వసూలు, ఆవర్జా అను మాటలు పారసీకారబ్బీ భాషలనుండి దర్బారుల మూలమున మన కరణముల కలములలోనికి దిగినవి. అవి నేడు మన సొత్తు. ఈ మాటలు తెలిసిన తాత ఇంటనుండగా మనుమడు 'డెబిట్, క్రెడిట్' అని గోడవైపు చూచి వల్లించుట ఎంత వింత!

'తరుగుదల' అను పాఠమొకటి కలదు. ఆంగ్లమున దీనికి నోరు తిరుగని పేరు. రైతునకు ఇది సుపరిచితము. కాడి యెద్దును కొన్నప్పటి వెల మూడేండ్ల పిదప రాదు. కావున ఏటేట ఆ యెద్దు విలువలో కొంత తఱిగినదని వ్రాసికొన్ననే సేద్యపు నిజమైన లాభము తెలియును. ట్రాక్టరునకును ఇదే లెక్క, కర్మాగారమునందలి యంత్రమునకును ఇదే లెక్క.

మఱియొక పాఠము లాభనష్టములు సమమగు స్థానము. ఉదాహరణమునకు లాడ్‌బజారున ఒక గాజుల అంగడి కలదనుకొందము. అద్దెయు, జీతములును, దీపముల ఖర్చును కలసి నెలకు 30,000 రూపాయలు. గాజుల జత ఒకటి 60 రూపాయలకు తెచ్చి 100 రూపాయలకు అమ్మును. జతకు మిగులునది 40. ముప్పదివేలను నలుబదిచే భాగింపగా 750. అనగా నెలకు 750 జతలు అమ్మువఱకు ఆ అంగడివానికి పైసా లాభము లేదు. 751వ జతతో లాభము ప్రారంభము. కళాశాలలో దీనికి గీతలు గీసి బొమ్మ వేయింతురు. కాని లాడ్‌బజారు వర్తకుడు బొమ్మ లేకయే వ్రేళ్లమీద చెప్పును. చదువుకొన్న బిడ్డ చేయవలసినది ఆ వ్రేళ్ల లెక్కను కాగితముపై పెట్టి, "వెల 90 రూపాయలకు దించినచో మిగులు జతకు 30కి పడిపోవును; అప్పుడు వేయి జతలు అమ్మవలసివచ్చును" అని ముందుగా హెచ్చరించుట. అదియే చదువు తెచ్చు అదనపు ప్రయోజనము.

రెండవ మూట మనిషి. నిర్వహణ సూత్రములని మొదటి యేటనే పాఠము. అందు మూడు నాలుగు పేర్లు తప్పక వచ్చును. టేలర్ అను అమెరికా ఇంజనీరు 1911లో, పనిని కొలిచి, ముక్కలుగా విడదీసి, ప్రతి ముక్కకును సరియైన పద్ధతి నిర్ణయింపవలెనని వ్రాసెను. ఫ్రాన్సు దేశపు గనుల సంస్థను నడపిన ఫేయోల్ 1916లో పదునాలుగు సూత్రములు చెప్పెను. వానిలో ఒకటి: పనివానికి ఆజ్ఞ ఇచ్చువాడు ఒక్కడే యుండవలెను. ఉమ్మడి కుటుంబములో ఒక పాలేరునకు అన్న ఒక మాటయు తమ్ముడు ఒక మాటయు చెప్పినచో పని యెట్లు చెడునో మీకు నేను చెప్పనక్కఱలేదు. మాస్లో అను మనశ్శాస్త్రజ్ఞుడు 1943లో మనుష్యుని అవసరములను మెట్లుగా చెప్పెను: ఆకలి తీరిన పిదప భద్రత, పిదప బంధుత్వము, పిదప గౌరవము, చివరకు తన శక్తి పూర్తిగా వికసించుట.

ఈ పాఠములు వ్యర్థములని నేననను. అయితే ఉదాహరణములన్నియు పరదేశపు కర్మాగారములవే. పాతబస్తీలో లక్కగాజులు చేయు కుటుంబమును చూడుడు. నిప్పులపై లక్కను కరగించి, వేడి చల్లాఱకమున్నే చేతితో సాగదీసి, చుట్టి, రాళ్లను ఒక్కొక్కటిగ పొదుగుదురు. అక్కడ యజమాని యెవరు, పనివాడెవరు? తండ్రి, తల్లి, కోడలు, బిడ్డలు అందఱును పనివారే. జీతపు పట్టీ లేదు. ఫేయోల్ సూత్రములలో ఏవి ఇక్కడ చెల్లును, ఏవి చెల్లవు? ఈ ప్రశ్న వేసికొన్న విద్యార్థికి నిర్వహణశాస్త్రము నిజముగ అబ్బినది.

మూడవ మూట అంగడి. దీనిని మార్కెటింగు అందురు. సరకు, వెల, చోటు, ప్రచారము అను నాలుగింటిని 1960లో మెకార్తీ అను ఆచార్యుడు ఒక చోట చేర్చి చెప్పెను. దీనిని చదువుటకు పాతబస్తీని మించిన పాఠశాల లేదు. 1591లో చార్మినారు కట్టినప్పుడే నాలుగు దిక్కుల నాలుగు వీథులను తీర్చిరి. మూసీ నదికి 1908లో వచ్చిన వరద పిదప 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంఘము పత్థర్‌గట్టీ రాతి కమానుల అంగళ్లను కట్టించినది. ముత్యములవారు ఒకచోట, గాజులవారు ఒకచోట, బట్టలవారు ఒకచోట. ఒకే సరకు అమ్ము అంగళ్లు ఒక్కచోట చేరుట నష్టము కదా యని పల్లెవానికి తోచును. కాని కొనువాడు దూరమునుండి వచ్చినప్పుడు పది అంగళ్లు చూడవచ్చునను నమ్మకమే వానిని అక్కడికి రప్పించును. పోటీయే ఆకర్షణ యగుచున్నది. 'చోటు' అను ఒక్క మాట వెనుక ఇంత యున్నది.

ప్రచారమునకును ఇక్కడనే ఉదాహరణము. 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది. 2010లో హైదరాబాదీ హలీముకు ఆ గుర్తింపు వచ్చియుండెను. 1999వ సంవత్సరపు చట్టము ననుసరించి, ఒక ప్రాంతమున పుట్టి ఆ ప్రాంతపు పేరుతో ప్రసిద్ధమైన సరకు పేరును ఇతరులు వాడుకొనకుండ ఇది కాపాడును. మీ గ్రామమున నేతయో, కంచరిపనియో, పంటయో ప్రసిద్ధమైయున్నచో ఆ పేరు విలువను గుర్తింపవలసినవాడు ఈ చదువు చదివిన మీ మనుమడే.

ఇదే మూటలోనిది గణాంకశాస్త్రము. గడచిన ఏండ్ల అమ్మకములను చూచి, ఏ నెలలో ఎంత గిరాకీ యుండునో లెక్కించు పాఠమొకటి కలదు. పుస్తకము జనవరి, ఫిబ్రవరి అని నెలలు వ్రాసి లెక్క చేయించును. ఈ లెక్క లాడ్‌బజారున చెల్లునా? అక్కడ రంజాను మాసపు రాత్రులలో జరుగు బేరము మిగిలిన నెలలలో జరుగదు. హిజ్రీ సంవత్సరము ఆంగ్లవత్సరము కంటె సుమారు పదునొకండు దినములు చిన్నది. కావున 2010లో ఆగస్టున మొదలైన రంజాను 2025లో మార్చిలోనే మొదలైనది. ఆగస్టు లెక్క చూచి ఆగస్టుకు సరకు తెచ్చువాడు మునుగును. మన పెండ్లిండ్ల సంగతియు ఇట్టిదే. మూఢము వచ్చిన మాసమున ముహూర్తములు లేవు. సుమారు ముప్పదిరెండు, ముప్పదిమూడు నెలల కొకమాఱు అధికమాసము వచ్చి పండుగలను వెనుకకు నెట్టును. సంక్రాంతి మాత్రము సూర్యుని లెక్కతో వచ్చును గనుక కదలదు. పంచాంగమును చూచి బట్టల బేరమును, పందిళ్ల బేరమును ఊహింపగల తాత ఈ పాఠమున మనుమనికి గురువు కాదగినవాడు. పుస్తకములోని పద్ధతియు, పంచాంగములోని జ్ఞానమును కలసినప్పుడే సరియైన అంచనా పుట్టును.

నాలుగవ మూట చట్టము. 1872వ సంవత్సరపు ఒడంబడికల చట్టము, 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టము, 1932వ సంవత్సరపు భాగస్వామ్య చట్టము, 2013వ సంవత్సరపు కంపెనీల చట్టము, 2017 జూలైలో అమలునకు వచ్చిన వస్తుసేవల పన్ను – ఇవి ముఖ్యములు. ఒడంబడిక చెల్లుటకు ఇరువురి స్వేచ్ఛాసమ్మతియు, తగిన వయస్సును, న్యాయమైన ప్రతిఫలమును, ధర్మబద్ధమైన ఉద్దేశమును ఉండవలెను. బయానా ఇచ్చి బేరము కుదుర్చుకొన్న ప్రతి రైతును తెలిసియో తెలియకయో ఈ చట్టమునకు లోబడినవాడే. పదునెనిమిదేండ్లు నిండనివానితో చేసికొన్న కాగితము చెల్లదని తెలియక మోసపోయినవారును కలరు.

ఇక కష్టము చెప్పెదను. ఈ చదువు ప్రాయికముగా ఆంగ్లముననే జరుగును. తెలుగున గాని ఉర్దూన గాని పది తరగతులు చదివిన బిడ్డ ఒక్కసారిగ ఆంగ్లగ్రంథముల నడుమ పడును. అర్థము కానప్పుడు కంఠస్థము చేయును. పరీక్షలో వ్రాయును. మార్కులు వచ్చును. ఒకనాడు మంచి మార్కులు తెచ్చుకొన్న శిష్యుని, "నాయనా, తరుగుదల యన నేమి?" అని అడిగితిని. వాడు ఆంగ్లమున నిర్వచనమును తడుముకొనకుండ పలికెను. "మీ నాన్న ఆటో కొన్నాడు కదా, దానికి తరుగుదల కట్టి చూపుము" అన్న మఱుక్షణము మౌనము వహించెను. పిల్లవాడు మందుడు గాడు. ఆ పాఠము వాని నోటికి వచ్చినది గాని ఇంటికి రాలేదు. మఱునాడు తండ్రి ఆటో వెలయు, అప్పు వాయిదాలును తెలిసికొని వచ్చి లెక్క కట్టినప్పుడు, ఆ ఇంటి సంపాదనలో నిజముగ మిగులునది ఎంత స్వల్పమో వానికి మొదటిసారి తెలిసినది.

సొంతభాషలో ఉన్నతవిద్య యసాధ్యమని కొంద ఱందురు. ఈ నగరచరిత్రయే దానికి సమాధానము. ఉస్మానియాలో 1948 ప్రాంతమువఱకు ఉన్నతవిద్య ఉర్దూలో జరిగినది. అందులకై 1917లోనే అనువాదశాలను నెలకొల్పి, శాస్త్రపదములను కల్పించి, గ్రంథములను తర్జుమా చేయించిరి. తెలుగునకును ఈ నగరమే ఆదరువైనది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికా మండలిని ఇక్కడనే స్థాపించి, చరిత్రమును శాస్త్రములను తెలుగున ప్రకటింప పూనుకొనిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ప్రథమోపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారు అర్థశాస్త్ర విషయమున తెలుగు గ్రంథము రచించిరి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి డిగ్రీ తరగతుల వాణిజ్యగ్రంథములను తెలుగున ప్రచురించినది. చిట్టా, ఆవర్జా, అంకణా, జంటపద్దు అను పదములు ఆ పుస్తకములలో కానవచ్చును. ఆంగ్లమున చదువు బిడ్డ ప్రక్కన అట్టి తెలుగు పుస్తకము నొకటి యుంచినచో సగము బరువు తగ్గును. ఆంగ్లము వలదని నేననుట లేదు. ఉద్యోగమునకు ఆంగ్లము కావలెను. అర్థమగుటకు మాత్రము అమ్మనుడి కావలెను.

కావున పెద్దలు చేయవలసినవి కొన్ని విన్నవించెదను.

చేర్చుటకు మున్ను కళాశాలను గూర్చి విచారింపుడు. అది ఏ విశ్వవిద్యాలయమునకు అనుబంధమో అడుగుడు. 2024–25 విద్యాసంవత్సరమునుండి బి.బి.ఏ. చదువు అఖిలభారత సాంకేతికవిద్యా మండలి పరిధిలోనికి వచ్చినది. ఆ మండలి అనుమతి పత్రమును చూపుమనుడు. పాఠములు చెప్పువారెందఱో, గ్రంథాలయము తెఱచియుండునో లేదో స్వయముగ చూడుడు. గోడపై వ్రాసిన ఉద్యోగముల సంఖ్యను మాత్రము నమ్మకుడు. ప్రభుత్వ కళాశాలలను చులకన చేయకుడు. పాతబస్తీ అంచున మూసీ యొడ్డున 1921 నాటి భవ్యభవనమున నున్న సిటీ కళాశాలయందును, ఆడపిల్లలకై హుస్సేనీ ఆలమునందున్న ప్రభుత్వ కళాశాలయందును పేదయిండ్ల బిడ్డలు చదువుకొని పైకి వచ్చుచున్నారు. పట్టణపు చదువునకు మనుమని పంపి మనుమరాలిని ఆపుట న్యాయము గాదు. ఇంటి జమాఖర్చులు చూచునది చాలయిండ్లలో ఆడుదియే.

చేరిన పిదప, ప్రతి సెమిస్టరు సెలవులలో బిడ్డను కూర్చుండబెట్టి అడుగుడు. కఠినప్రశ్నలు వలదు. వడ్డీ ప్రశ్న ఒకటి చాలును. "ఊరిలో లక్షరూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చితిమి. మూడేండ్లకు ఎంత?" సాధారణవడ్డీ యైనచో ఏటికి ఇరువదినాలుగు వేల చొప్పున 72,000 వడ్డీ; మొత్తము 1,72,000. ఏటేట వడ్డీని అసలులో కలిపినచో 1,90,662. ఈ రెండింటి నడిమి అంతరము 18,662 రూపాయలు. ఊరివాడు వడ్డీని నెలకు చెప్పును, బ్యాంకువాడు ఏటికి చెప్పును. 'రెండు' అను మాట చిన్నదిగ వినబడి ఇరువదినాలుగై కూర్చుండును. ఈ సంగతిని తాతకు చెప్పి అప్పుకాగితమును చదివి వినిపింపలేని బిడ్డ ఎన్ని మార్కులు తెచ్చిననేమి?

అటుపై ఇంటి చిట్టాను వానిచేతికే ఇండు. విత్తనము, ఎరువు, కూలి, బాడుగ, అమ్మకము – ఒక పంటకాలము వానిచేత పద్దులు వ్రాయింపుడు. ఇంటివారి కష్టమునకు కూలి కట్టి చూడుమనుడు. అప్పుడు లాభమని మీరనుకొన్నది లాభమో కాదో బయటపడును. ఆ సత్యము చేదుగ నుండవచ్చును; అయినను తెలిసికొనదగినది.

చివరి యేట 'ప్రాజెక్టు' అను పరిశోధనపని యుండును. ఒక సంస్థకు పోయి, చూచి, విచారించి, వ్రాసి తేవలెను. కొందఱు విద్యార్థులు సిద్ధముగ నున్న ప్రతిని వెలయిచ్చి కొని, పేరు మార్చి సమర్పించుచున్నారు. ఇది విద్యకు ద్రోహము. అంతకంటె మూర్ఖమైన బేరమును లేదు. మూడేండ్లలో తానుగ చేయవలసిన పని యదొక్కటియే. దానిని అమ్ముకొన్నవాడు విత్తనపు గింజలను వండుకొని తిన్నవానితో సమానుడు. మీ ఊరి పాలకేంద్రమును గాని, సహకారసంఘమును గాని, సంతను గాని చూచి వ్రాయుమని చెప్పుడు. ఊరికిని మేలు, బిడ్డకును మేలు.

ఈ పట్టము చేతికి రాగానే పెద్ద ఉద్యోగము తలుపు తట్టునని ఆశపడకుడు. కొందఱు ఐసెట్ పరీక్ష వ్రాసి ఎం.బి.ఏ. కు పోవుదురు. కొందఱు బ్యాంకులయందును అంగళ్లయందును చిన్న కొలువులతో ఆరంభింతురు. కొందఱు తండ్రి దుకాణమునకే మరలివత్తురు. ఇందు ఏదియు అవమానము గాదు. తండ్రి దుకాణమునకు మరలివచ్చినవాడు పద్దులు చక్కబెట్టి, అప్పుల వడ్డీ తగ్గించి, సరకు వృథా గాకుండ చూచినచో ఆ చదువు ఫలించినట్లే. పొలము అమ్మి చదివించుట మాత్రము వలదని నా మనవి. లెక్క నేర్పు చదువునకై లెక్క తప్పిన అప్పు చేయుట తగదు.

పెద్దల మాట చద్దిమూట యందురు. చద్దిమూటను కట్టి యిచ్చుటతో మన పని తీరలేదు. దారిలో విప్పి తినుచున్నాడో లేదో కనుగొనవలెను. మీరు ఆంగ్లము రానివారమని సంకోచింపకుడు. బిడ్డ తెలుగున చెప్పలేక తడబడిన చోటనే వాని చదువునందలి లోటు బయలుపడును. ఆ చోటును చూపగలవారు కళాశాలయందు తక్కువ, ఇంటియందు మీరే. మీ మనుమలును మనుమరాండ్రును మీ యెదుట కూర్చుండి తమ పాఠములను మీ మాటలతో చెప్పు దినము ప్రతి గ్రామమునందును రావలెనని కోరుచున్నాను.